వైద్యవిద్యార్థి నివాసము

హెచ్.ఎస్.సి. ఫలితములు వెలువడి, పిల్లవానికో పిల్లకో వైద్యకళాశాలలో ప్రవేశము లభించినదన్న వార్త వచ్చినప్పుడు మన ఇండ్లలో మొదట స్వామికి కొబ్బరికాయ కొట్టుదురు. పిదప ఫీజుల లెక్క వేయుదురు. ఎచ్చట నుండి చదువవలెనన్న ప్రశ్న మాత్రము ఎవరికిని తోచదు. "ఇంటి నుండియే వెళ్లివచ్చును, ఈ దీవి ఎంత గనుక!" అని పెద్దలు ఒక్క మాటతో తేల్చివేయుదురు. ఆ మాటను కొంచెము పరీక్షింపవలసి యున్నది.

మారిషస్ పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45, దూరము అల్పమే. విద్యార్థులకు 2005 నుండి బస్సు ఛార్జీ కూడ లేదు. ఛార్జీ లేకున్నను కాలము ఖర్చగుచునే యుండును. దక్షిణతీరమందలి సూయాక్ ప్రాంతము నుండి బెల్ రీవ్ కళాశాలకు పోవువారికి బస్సు మారక తప్పదు. రాకపోకలకును, బస్సుకై నిలుచుటకును దినమునకు మూడు గంటలు పోయినచో వారమునకు పదునైదు గంటలు. శరీరశాస్త్ర గ్రంథములో అది ఎన్ని అధ్యాయములో చదివినవారికే తెలియును.

అయినను మొదటి సంవత్సరములలో ఇది సహింపదగిన కష్టమే. అప్పటి చదువు ఉపన్యాసశాలలోను, శవచ్ఛేదనశాలలోను పగటివేళ నియమిత కాలమున జరుగును. రోగుల చెంత చదువు మొదలైన నాటి నుండి సంగతి వేరు. పెద్ద డాక్టరు వార్డులోనికి వచ్చుటకు ముందే విద్యార్థి రోగిని చూచి, వివరములన్నియు అడిగి వ్రాసికొని యుండవలెను. కాన్పు తెల్లవారుదాక ఆగదు. ప్రమాదములో గాయపడినవాడు చివరి బస్సు వేళ చూచుకొని రాడు. సాయంకాలము దాటిన పిమ్మట పల్లెలకు బస్సులు పలుచబడునని మనకందరకు తెలిసినదే. గడియారము చూచుకొనుచు వార్డు వదలి వచ్చు విద్యార్థి ఆ రాత్రి నేర్వదగినదానిని అచ్చటనే విడిచి వచ్చుచున్నాడు.

కావున కళాశాల ద్వారమును బట్టి గాక, ఆసుపత్రిని బట్టి ఇల్లు చూచుట మేలని నా అభిప్రాయము. ప్రభుత్వపు ప్రాంతీయ ఆసుపత్రులు ఐదు: పోర్ట్ లూయిస్‌లో జీతూ, పాంప్లెమూస్‌లో రామగులాం, ఫ్లాక్‌లో బ్రూనో చోంగ్, రోజ్ బెల్‌లో నెహ్రూ, కాందోస్‌లో విక్టోరియా. మెట్రో 2022లో క్యూర్పిప్ వరకు వచ్చుటచే, ఆ దారిలో రోజ్ హిల్, కాత్ర్ బోర్న్ ప్రాంతములందు గది గలవారికి రాజధాని సులభమైనది. రోజ్ బెల్‌కు, ఫ్లాక్‌కు, పాంప్లెమూస్‌కు ఆ రైలు లేదు. ఏ ఆసుపత్రిలో ఎంతకాలము పని యుండునో కళాశాలలో ముందుగా అడిగి తెలిసికొని, నివాసమును ఏడాదికొకసారి నిర్ణయించుకొనవలెనే గాని, మొదటి దినముననే చదువు ముగియుదాక ఒప్పందము వ్రాయరాదు.

ఇంటి భోజనమును, అద్దె లేకపోవుటను నేను తక్కువ చేయుట లేదు. కాని ఇంటిలోనున్నవానికి తీరిక యున్నట్లే బంధువులు భావింతురు. రామభజనకు చాపలు పరచుటకు అతడే. అప్పన్న పూజకు సామానులు తెచ్చుటకు అతడే. మరునాడు పరీక్ష యని చెప్పినచో "ఒక్క గంటయే గదా, నాయనా" అందురు. ఆడపిల్లయైనచో వంటయిల్లు కూడ చేరును.

ఆడపిల్లల విషయమున మరియొక మాట. కుమారునికి గది తీసికొనుటకు సమ్మతించు తండ్రియే, కుమార్తె యనగానే "లోకులేమందురు" అని వెనుకాడును. రాత్రివేళ చెఱకుతోటల నడుమ బస్సు దిగి ఒంటరిగా నడచి వచ్చుట క్షేమమా, ఆసుపత్రికి ఐదు నిమిషముల దూరములో తోటి విద్యార్థినితో కలిసి యుండుట క్షేమమా? ఆ చీకటి బాటలో ఆమెకు లోకులు తోడు రారు.

చదువుకై ఎడబాటు ఈ దీవికి క్రొత్త కాదు. 1900లో బెల్ రీవ్‌లో జన్మించిన శివసాగర రామగులాం 1921లో వైద్యము చదువుటకై లండనుకు పోయి, 1935లో గాని తిరిగి రాలేదు. నేడు ఆయన పేరనే బెల్ రీవ్‌లో వైద్యకళాశాల యున్నది. ఇక 1843లో 'కోరింగా పాకెట్' ఓడలో వచ్చిన మన పెద్దలకు ఎచ్చట నివసింపవలెనన్న ప్రశ్నయే లేదు. తోట యజమాని చూపిన కేంపు పాకయే ఇల్లు. 1867 చట్టము పిమ్మట, ఒప్పందము తీరిన కూలీలు సైతము ఛాయాచిత్రముతో కూడిన పాసు వెంట లేనిదే తిరుగరాదయ్యెను. అట్టివారి మునిమనుమరాలు నేడు ఆసుపత్రి ప్రక్కన ఒక గది అడుగుచున్నది.

గది చూచునప్పుడు అద్దె ఒక్కటే అడుగరాదు. పోర్ట్ లూయిస్‌లో పల్లపు వీధియైనచో, 2013 మార్చి 30న, 2024 జనవరి 15న నీరు ఎంతవరకు వచ్చెనో ఇరుగుపొరుగువారిని అడుగవలెను. మొదటి వరదలో 11 మంది మరణించిరి. రెండవది బెలాల్ తుపాను నాటిది. నేలయంతస్తు గది చౌకగా దొరకుటకు కారణము ఒక్కొక్కప్పుడు అదియే. క్యూర్పిప్‌లో ముసురు ఎక్కువ. గాలి, వెలుతురు లేని గదిలో పుస్తకములకు బూజు పట్టును. గదిలో తోడుండువారు అదే తరగతివారైనచో మంచిది: పరీక్షలు ఒకేసారి వచ్చును గనుక ఇల్లు నిశ్శబ్దముగా నుండును. అడ్వాన్సు సొమ్మునకు రసీదు తీసికొనుట మరువరాదు, ఇంటివారు బంధువులైనను సరే.

ఆసుపత్రుల పరిసరములలో నివసించు మన కుటుంబములలో, పిల్లలు విదేశములకు పోగా గదులు ఖాళీగా నున్నవారు లేకపోలేదు. న్యాయమైన అద్దెకు ఒక విద్యార్థికి ఇయ్యదలచినవారు ఆలయ కార్యాలయమున పేరు వ్రాయింతురు గాక. తాళపుచెవి మాత్రము విద్యార్థి చేతికే ఇయ్యవలెను. వార్డు నుండి అర్ధరాత్రి తిరిగివచ్చినవారిని తలుపు కడ నిలిపి ప్రశ్నింపరాదు.