మెటల్ డిటెక్టరు ఎట్లా పనిచేస్తది?



పోయిన ఎండాకాలం సెలవుల్లో మా ఊరికి ఒక బండిలో నలుగురు వచ్చిండ్రు. వాళ్ళ దగ్గర పొడుగు కర్ర, దాని చివర పళ్ళెం లాంటి చక్రం ఉన్నది. ఊరి పక్క గుట్ట మీద పాతకాలం రాతి గూళ్ళు ఉన్నయి. మేము రాకాసి గుళ్ళు అంటం. అక్కడ యంత్రం కుయ్‌మన్నది, నిధి ఉందని చెప్పి మా బాబాయికి కూలి ఇచ్చి రెండు రాత్రులు తవ్వించిండ్రు. కుండ పెంకులు, ఎముకలు, తుప్పు పట్టిన ఇనప ముక్క దొరికినయి. వాళ్ళు చెప్పకుండనే పోయిండ్రు. పైబండ రెండుగా పగిలి అట్లనే పడి ఉన్నది. మా అవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఆ యంత్రం నిజంగా బంగారాన్ని చూస్తదా అని హాస్టలుకు వచ్చినంక సైన్సు సార్‌ను అడిగిన. తెలిసింది రాస్తున్న.

చక్రంలో రాగి తీగ చుట్టలు ఉంటయి. ఒక చుట్టలో కరెంటు సెకనుకు కొన్ని వేలసార్లు అటూ ఇటూ మారుతది. దాంతో అయస్కాంత క్షేత్రం పుట్టి నేలలోకి దిగుతది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న చిన్న కరెంటు సుడులు లేస్తయి. (పదో తరగతి అక్కల పుస్తకంలో ఫారడే నియమం ఉంది, చూడండి.) ఆ సుడులు పంపే జవాబును రెండో చుట్ట పట్టుకుంటది. అప్పుడే కుయ్‌మంటది.

ఖరీదైన యంత్రాలు ఆ జవాబును బట్టి అంకె కూడా చూపిస్తయి. ఇనప మేకుకు తక్కువ అంకె, వెండి నాణేనికి ఎక్కువ అంకె. బంగారు ఉంగరానిది మధ్యలో వస్తది. కూల్‌డ్రింకు డబ్బా మూతకుండే రింగుది కూడా అక్కడే వస్తది! కాబట్టి "ఇది బంగారమే" అని యంత్రం చెప్పలేదు. పెద్ద ఇనప ముక్క ఒక్కోసారి వెండి అంకె చూపించి మోసం చేస్తదట. మా గుట్ట మీద అదే జరిగి ఉంటదని నా అనుమానం. ఇంకోటి, ఒక్క నాణెం జానెడు లోతు దాటితే దొరకుడు కష్టం. బిందె అంతది అయితే ఇంకొంచెం లోతులో తెలుస్తది. ఇరవై అడుగుల కింద ఉన్నదని ఎవరన్నా అంటే నమ్మకండి.

నేర్చుకునేటోళ్ళు ముందు మేకు, రూపాయి బిళ్ళ, రేకు ముక్క నేల మీద పెట్టి ఏది ఎట్లా మోగుతదో చెవికి అలవాటు చేసుకోవాలె. మన ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ, ఉట్టిగనే మోగుతది. అందుకని లోహం లేని చోట చక్రాన్ని పైకీ కిందికీ ఆడించి, మట్టి మోత పోయేదాక సరిచేయాలె. తర్వాత చక్రాన్ని నేలకు దగ్గరగా, సమానంగా, నెమ్మదిగా తిప్పాలె. కొడవలి విసిరినట్టు విసిరితే చివర్ల పైకి లేస్తది. ఇల్లు అలికేటప్పుడు ముందటి గుర్తు మీద సగం పడేటట్టు చెయ్యి తిప్పుతం కదా, అట్లా. మోగిన చోట నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పితే రెండు గీతలు కలిసే చోటే వస్తువు.

ఇంగ్లాండులో సఫోక్ ప్రాంతంలో హాక్సన్ అనే ఊరు ఉంది. 1992 నవంబరు 16న ఎరిక్ లాస్ అనే ఆయన, రైతు స్నేహితుడు పొలంలో పోగొట్టుకున్న సుత్తె కోసం ఈ యంత్రంతో వెతికిండు. సుత్తె బదులు బంగారు నగలు, వెండి చెంచాలు, నాణేలు బయటపడినయి. కొంత తీసినంక అంతా తవ్వకుండ ఆగి కబురు పంపిండు. అదే నాకు బాగా నచ్చింది. పురావస్తు శాఖవాళ్ళు తెల్లారే వచ్చి మెల్లగా తవ్విండ్రు. అందుకే అవన్నీ ఒక చెక్కపెట్టెలో సర్ది పెట్టినవని తెలిసింది. దాదాపు 15,000 రోమన్ నాణేలు! ఆయనకు 17.5 లక్షల పౌండ్ల బహుమానం వస్తే రైతుతో పంచుకున్నడు. సుత్తె కూడా తర్వాత దొరికింది. అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

మన దేశంలో 1878 నాటి నిధి చట్టం ఉంది. భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు రాసి తెలపాలె. దాచిపెడితే జైలు.

మా బాబాయి ఆ ఇనప ముక్కను ఇంటి చూరులో పెట్టిండు. పెంకులు అవ్వ ఏరి గుడ్డలో కట్టింది. దసరా సెలవులకు పోయినప్పుడు, వీటి సంగతి ఆఫీసులో చెబుదాం పా అని బాబాయిని అడగాలె. తవ్వింది తనే కాబట్టి భయపడతడేమో. దరఖాస్తు ఎట్లా రాయాలో సార్ చెప్తనన్నడు.

— 9వ తరగతి, బి సెక్షన్