విత్తనపు సంచిని పాఱవేయకుఁడు

విత్తొకటి పెట్టిన చెట్టొకటి మొలచునా యని పెద్దలందురు. కాని సంచిపై నొక పేరును, లోపల వేఱొక గింజయు నున్నప్పుడు అట్లే మొలచుచున్నది; ఒక్కొక్కచో మొలకయే రాదు. మన గజపతినగర ప్రాంతమున మెట్టపైరునకు తొలకరి వానయే ఆధారము. అదను తప్పిన పిమ్మట అంగడివాఁడు వెల తిరిగి యిచ్చినను ఆ యేటి పంట తిరిగి రాదు. కావున నిట్టి నష్టమునకు చట్టము చూపిన మార్గమును సభ్యులెల్లరు నెఱిఁగి యుండవలెను.

ఈ మార్గమును సుప్రీంకోర్టు వఱకు పోయి నిలిపినవారు ఉమ్మడి ఆంధ్రప్రదేశపు రైతులే. జాతీయ విత్తన సంస్థ యిచ్చిన విత్తనములు లోపము గలవై పంట నష్టపడితిమని కొందఱు వినియోగదారుల ఫోరములలో ఫిర్యాదు చేసిరి. విత్తనములకు వేఱే చట్టము గలదు గాన ఫోరములకు అధికారము లేదనియు, గింజలను పరీక్షకు పంపలేదనియు సంస్థ వాదించెను. 2012 జనవరి 16వ తేదీన సుప్రీంకోర్టు ఈ వాదములను త్రోసివైచినది. 1966 నాటి విత్తన చట్టమున రైతునకు నష్టపరిహార మిప్పించు విధి లేదనియు, కావున వినియోగదారుల చట్టము క్రింద రైతు ఫిర్యాదు చేయవచ్చుననియు తీర్పు చెప్పినది. కొన్న విత్తనమంతయు చల్లివేయు రైతు, రేపు తగవు వచ్చునేమో యని కొంత దాఁచి యుంచునని తలంచుట తగదని కూడ పలికినది.

ఇప్పుడు అమలులో నున్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. అమ్మినవాఁ డే యూరివాఁడైనను మన రైతు విజయనగరము జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. వకీలు లేకయే తన మాట తాను చెప్పుకొనవచ్చును. వ్యాజ్యకారణము పుట్టినది మొదలు 2 సంవత్సరములు గడువు.

అయితే వానలేమి వలనను, తెగులు వలనను గూడ పంట చెడవచ్చును. దోషము విత్తనమునదే యని చూపనిచో ఫిర్యాదు నిలువదు. కనుక సోదర రైతులారా, రకము పేరును, లాటు నంబరును వ్రాసిన రసీదు లేక విత్తనము కొనకుఁడు. సంచిని, దాని చీటీని పంట యింటికి వచ్చువఱకు భద్రపఱచుఁడు. వీలున్నచో గుప్పెడు గింజలు దాఁచుఁడు. మొలకలోఁ గాని కంకిలోఁ గాని తేడా కనఁబడిన తోడనే వ్యవసాయాధికారికి వ్రాతమూలముగఁ దెలిపి, చేను దున్నివేయక మునుపే చూపి, నివేదిక పొందుఁడు.

ఒకే లాటు విత్తనముచే పలువురు నష్టపడినచో, కమిషను అనుమతితో అందఱి పక్షమున ఒక్కటే ఫిర్యాదు చేయుటకును వీలు గలదు. ఒంటరి రైతు వెనుకాడు పనిని పదిమంది కలసి నెఱవేర్పవచ్చును. సహకారమునకు ఇంతకంటె తగిన పని యేమున్నది?