మేనరికం కాకపోయినా...

హైదరాబాద్‌ సీసీఎంబీలో దశాబ్దాల పాటు పనిచేసిన జన్యుశాస్త్రవేత్త డాక్టర్‌ కుమారస్వామి తంగరాజ్‌. దేశంలోని కులాల, తెగల డీఎన్‌ఏను పోల్చి చూడటం ఆయన పరిశోధన. అందులో బయటపడ్డ సంగతులు పెళ్లిమాటలప్పుడు, ఆపరేషన్‌కు ముందు కూడా మనకు పనికొచ్చేవే.

• అండమాన్‌లోని ఓంగీ తెగవారి డీఎన్‌ఏపై ఆయన బృందం రాసిన వ్యాసం 2005లో ‘సైన్స్‌’ పత్రికలో వచ్చింది. ఆఫ్రికా నుంచి తొలినాళ్లలో బయల్దేరిన మనుషుల సంతతి వాళ్లని, వేల ఏళ్లు దీవుల్లో ఒంటరిగా ఉండిపోయారని అది చెప్పింది.

• 2009లో హార్వర్డ్‌ శాస్త్రవేత్త డేవిడ్‌ రైక్‌తో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మందిని పరిశీలించారు. నేటి భారతీయుల్లో దాదాపు అందరూ రెండు ప్రాచీన జనాల కలయికేనని తేలింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యకాలంలో జరిగిందని 2013లో లెక్క కట్టారు. ఆ తర్వాత పెళ్లిళ్లు కులం గడప దాటడం బాగా తగ్గిపోయింది.

• దాని ఫలితం ఇప్పుడు మన ఆరోగ్యం మీద పడుతోంది. మేనరికం చేసుకుంటే పిల్లలకు జబ్బులొస్తాయని మనలో చాలామందికి తెలుసు. సంబంధం బయటిదైతే, ఇంటిపేరు, గోత్రం వేరైతే భయం లేదనుకుంటాం. కానీ ఒక కులం కొద్దిమంది పూర్వీకులతో మొదలై, తరతరాలుగా తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటే, చుట్టరికం ఏమీ లేని వధూవరుల్లోనూ ఒకే పూర్వీకుడి జన్యులోపం దాగి ఉండొచ్చు. అది ఇద్దరిలోనూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తంగరాజ్‌, రైక్‌ బృందాలు 2017లో 263 దక్షిణాసియా సమూహాలను పరిశీలిస్తే, వాటిలో 81 సమూహాల్లో ఈ ప్రభావం, దీనికి పేరుపడ్డ ఫిన్లాండ్‌ వాసుల్లో, ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో కన్నా ఎక్కువగా కనిపించింది. పది లక్షలకు మించి జనాభా ఉన్న కులాలు కూడా వీటిలో ఉన్నాయి. కులం పెద్దదైతే చాలు, జన్యువైవిధ్యం ఉన్నట్టేనని అనుకోవడానికి లేదు.

• ఆర్యవైశ్యులకు ఇది మరీ ముఖ్యం. ఆపరేషన్‌లో గొంతులో గొట్టం వేసే ముందు కండరాలు వదులవడానికి మత్తు డాక్టర్లు ‘స్కోలిన్‌’ అనే ఇంజెక్షన్‌ ఇస్తారు. రక్తంలోని ఒక ఎంజైమ్‌ దాన్ని కొద్ది నిమిషాల్లోనే విరిచేస్తుంది. ఆ ఎంజైమ్‌ లోపించినవాళ్లకు కండరాలు గంటల తరబడి కదలవు. సొంతంగా ఊపిరి అందదు కాబట్టి మందు దిగేదాకా వెంటిలేటర్‌ మీదే ఉంచాలి. ఈ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్లకన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువ. ఆపరేషన్‌కు ముందే రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు, స్కోలిన్‌కు బదులు వేరే మందులున్నాయి. ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే, అడగకపోయినా సరే, డాక్టర్‌కు ముందే చెప్పండి.

• గుండె కండరానికి సంబంధించిన ‘ఎంవైబీపీసీ3’ జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లోపించడం దక్షిణాసియాలో సుమారు 4 శాతం మందిలో ఉందని 2009లో తంగరాజ్‌తో కూడిన బృందం చూపింది. దీనివల్ల గుండె బలహీనపడే ముప్పు ఎక్కువ. లక్షణాలు తరచూ నడివయసు దాటాకే బయటపడతాయి. అప్పటికే అది పిల్లలకు చేరిపోయి ఉంటుంది.

• అదే 2009లో, జబ్బుల జన్యుమూలాలు వెతికే అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 96 శాతం ఐరోపా సంతతివారేనని ఒక లెక్క తేల్చింది. మన జబ్బుల జాడ వాళ్ల డీఎన్‌ఏలో ఎలా దొరుకుతుంది?

• అష్కెనాజీ యూదుల్లో, ఇలాగే తల్లిదండ్రులిద్దరిలోనూ లోపం ఉంటే వచ్చే టే-సాక్స్‌ అనే జబ్బు పసిపిల్లల ప్రాణం తీసేది. ఆ జబ్బుకు తన బిడ్డల్ని కోల్పోయిన ఒక మతగురువు 1983లో ‘దోర్‌ యెషోరిమ్‌’ సంస్థను స్థాపించారు. యువతీయువకులు ముందే రక్తం ఇస్తారు, ఒక్కొక్కరికి ఒక నంబరు వస్తుంది. సంబంధం చూసేటప్పుడు రెండు నంబర్లూ చెబితే, ఆ జంటకు ముప్పు ఉందో లేదో మాత్రమే సంస్థ చెబుతుంది. ఎవరి పరువుకూ భంగం ఉండదు. జాతకాలతో పాటు ఇలాంటి పరీక్ష మన తెలుగునాట కూడా రావాలని నా గట్టి కోరిక. ఇలాంటి పరీక్షల వల్ల అష్కెనాజీ యూదుల్లో టే-సాక్స్‌తో పుట్టే పిల్లలు ఇప్పుడు చాలా అరుదు.