పరీక్ష పోయిందని ఇంట్లో చెప్పగలుగుతున్నారా?

ఇంటర్మీడియట్ పరీక్షలప్పుడు ఇల్లంతా జాగ్రత్తగా ఉంటుంది. టి.వి. గొంతు తగ్గుతుంది, చుట్టాల రాకపోకలు తగ్గుతాయి, అమ్మ తెల్లవారుజామునే లేచి పాలు కాచి ఇస్తుంది. అదే పిల్లవాడు ఇంజనీరింగులోనో, డిగ్రీలోనో, నర్సింగులోనో చేరగానే "సీటు వచ్చింది, ఇక గట్టెక్కాడు" అని పెద్దవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఆ తరువాత ఫీజు కట్టడం ఒక్కటే తమ వంతు అనుకుంటారు. ఆసుపత్రిలో మేము చూసేది వేరు. 18 నుండి 22 ఏళ్ళ మధ్య వయసువారు పరీక్షల మూలంగా మా దగ్గరకు రావడం తక్కువేమీ కాదు. కాకపోతే పరీక్షల వల్ల అని ఎవరూ చెప్పరు. కడుపునొప్పి అంటారు, తలనొప్పి అంటారు, గుండె దడ అంటారు.

పదో తరగతిలో, ఇంటర్‌లో ముందు వరుసలో ఉన్న పిల్లలు జీవితంలో మొదటిసారి ఫెయిలయ్యేది సాధారణంగా ఈ చదువుల్లోనే. తెలుగు మీడియం నుండి వచ్చినవారికి ఇంగ్లీషు పాఠాలు అర్థం కావడానికే కొన్ని నెలలు పడుతుంది. హాస్టల్ తిండి, కొత్త స్నేహాలు, మిడ్ పరీక్షలు, ల్యాబ్ రికార్డులు, అవి పూర్తయ్యేలోపే సెమిస్టర్ పరీక్షలు. మొదటి సంవత్సరంలో ఒకటో రెండో సబ్జెక్టులు పోవడం వింత కాదు. పోయిన సంగతి ఇంట్లో చెప్పలేకపోవడం దగ్గర అసలు జబ్బు మొదలవుతుంది.

కొన్నేళ్ళ కిందట ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదివే అబ్బాయి ఒకరు మూడు నెలల్లో నాలుగుసార్లు కడుపునొప్పితో వచ్చాడు. రక్తపరీక్షలు, స్కానింగ్, ఎండోస్కోపీ, అన్నీ బాగానే ఉన్నాయి. నాలుగోసారి వార్డులో చేర్చుకున్నాం. తండ్రి టీ తాగడానికి కిందికి వెళ్ళినప్పుడు వార్డు సిస్టర్ మంచం పక్కన కూర్చుని "బాబూ, కాలేజీలో ఏమన్నా ఇబ్బందిగా ఉందా?" అని అడిగింది. అంతే, దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు. ఏడు సబ్జెక్టులు మిగిలిపోయి ఉన్నాయి. మొదటి సంవత్సరం నుండి ఇంట్లో మాత్రం అన్నీ పాసయ్యానని చెబుతున్నాడు. సప్లిమెంటరీ ఫీజు కోసం స్నేహితుల దగ్గర అప్పులు చేశాడు. తండ్రి కౌలు రైతు, ఆయన ముఖం చూసి నిజం చెప్పే ధైర్యం లేకపోయింది.

అబ్బాయి ఒప్పుకున్నాక మా డాక్టరుగారి ఎదుటే తండ్రికి చెప్పించాం. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అన్న మాట మా సిస్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఏడేనా, ఇంకా ఏమన్నా ఉన్నాయా? ఉంటే అన్నీ ఒకేసారి చెప్పెయ్యరా." మందుల చీటీ వెనక వైపు ఏడు సబ్జెక్టుల పేర్లు రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. మరుసటి వారం తండ్రీకొడుకులు కలిసి కాలేజీ ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్ళి, ఏ సబ్జెక్టు మళ్ళీ ఎప్పుడు రాయవచ్చో అడిగి తెలుసుకున్నారు. తోటివారికంటే ఏడాది ఆలస్యంగా ఆ అబ్బాయి బి.టెక్. పూర్తిచేశాడు. కడుపునొప్పికి మేము కొత్త మందేమీ రాయలేదు.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి ఒకటుంది. సబ్జెక్టు పోతే చదువు పోయినట్టు కాదు. ఉదాహరణకు హైదరాబాదు జె.ఎన్.టి.యు.లో 2018లో వచ్చిన ఆర్-18 నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ బి.టెక్.ను ఎనిమిదేళ్ళలోపు పూర్తిచేయవచ్చు. ప్రతి విశ్వవిద్యాలయానికీ ఇలాంటి గడువు, పై సంవత్సరానికి వెళ్ళడానికి ఇన్ని క్రెడిట్లు ఉండాలనే లెక్క ఉంటాయి. పిల్లలు చేరిన మొదటి నెలలోనే వారితో కూర్చుని ఆ నిబంధనల పుస్తకం ఒకసారి చదవండి. చదవడం రాకపోతే వారినే చదివి వినిపించమనండి. ఫెయిలైతే ఏం చేయాలో తల్లిదండ్రులు ముందే అడిగారంటే, ఫెయిలైనా ఇంట్లో చెప్పవచ్చని పిల్లలకు అర్థమవుతుంది.

ఫోనులో ఏం మాట్లాడుతున్నాం?

హాస్టల్‌లో ఉన్న అమ్మాయికి రాత్రి తొమ్మిదింటికి ఫోను వస్తుంది. "తిన్నావా? చదువుతున్నావా? ఎన్ని మార్కులు వచ్చాయి? మీ బాబాయి కూతురికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చిందంట." రెండు నిమిషాల్లో ఫోను అయిపోతుంది. మా నర్సింగ్ హాస్టల్ కారిడార్‌లో ఇలాంటి మాటలకు "ఊఁ, ఊఁ" అనే జవాబులు నేను రోజూ వింటూనే ఉన్నాను. "ఏ సబ్జెక్టు కష్టంగా ఉందమ్మా?" అని అడిగితే జవాబు వేరేగా ఉంటుంది. ఆ సబ్జెక్టు మనకు అర్థం కానక్కరలేదు. అనాటమీ అంటే ఏమిటో తెలియని తల్లి కూడా "ఇవాళ ఏం నేర్పారు, నాకు చెప్పు" అనవచ్చు. తనకు అర్థమైంది ఇంకొకరికి చెప్పడం కంటే మంచి రివిజన్ లేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఫీజుకు ఎంత అప్పు చేశామో, వడ్డీ ఎంతో ఇరవై ఏళ్ళ పిల్లలకు తెలియడం మంచిదే. ఒకసారి కాగితం మీద రాసి చూపించండి. కానీ ప్రతి భోజనం దగ్గరా "నీ కోసం పొలం తాకట్టు పెట్టాం" అంటే ఆ పిల్లలకు అన్నం దిగదు. ఇంకొక అలవాటు, "మీ నాన్నకు చెప్పకు, నేను చూసుకుంటాను" అని తల్లి దాచిపెట్టడం. ప్రేమతోనే చేస్తారు. దానివల్ల తండ్రికి చెప్పడమంటే ప్రాణాంతకమనే భయం పిల్లల్లో ఇంకా గట్టిపడుతుంది.

పరీక్షల రోజుల్లో ఒళ్ళు

పరీక్షలకు ముందు "నీరసంగా ఉంది, బలానికి ఒక సెలైన్ పెట్టండి సిస్టర్" అని తీసుకొస్తారు. ఐదు శాతం గ్లూకోజు సెలైన్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. రెండు అరటిపండ్లు తింటే అంతకంటే ఎక్కువ శక్తి వస్తుంది, సూది పోటు ఉండదు, బిల్లూ ఉండదు. అమ్మాయిల్లో నీరసానికి తరచుగా కనిపించే కారణం రక్తం తక్కువగా ఉండడం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ 12 గ్రాములకంటే తక్కువుంటే డాక్టరు చెప్పినట్టు ఐరన్ మాత్రలు వాడాలి. హాస్టల్‌కు పంపే డబ్బాలో ఊరగాయతో పాటు పల్లీ చిక్కీలు, నువ్వుల ఉండలు, ఖర్జూరాలు పెట్టండి.

రాత్రంతా మేలుకుని చదవడం గొప్పగా చెప్పుకుంటారు. చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. ఈ వయసుకు ఏడు నుండి తొమ్మిది గంటల నిద్ర కావాలి. పరీక్షల్లో అంత కుదరకపోయినా ఆరు గంటలకు తగ్గనివ్వకండి. సాయంత్రం దాటాక తాగిన కాఫీ, ఎనర్జీ డ్రింకుల ప్రభావం చాలా గంటలు ఉంటుంది. స్నేహితులిచ్చే "నిద్ర రాని మాత్రలు" అసలు ముట్టుకోకూడదు.

పరీక్ష హాలు నుండి కొంతమందిని నేరుగా క్యాజువాలిటీకి తీసుకొస్తారు. రొప్పుతూ ఉంటారు, మూతి చుట్టూ తిమ్మిరి, చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెడతారు. భయంతో వేగంగా ఊపిరి తీసినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్ల ఇలా జరుగుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు గుండె, ఊపిరితిత్తుల జబ్బు కాదని డాక్టరుగారు చూసి తేల్చుకోవాలి. తరువాత ఎప్పుడైనా వస్తే చుట్టూ మూగకుండా కూర్చోబెట్టి, ఊపిరి మెల్లగా, ఎక్కువసేపు వదలమని చెప్పండి. ముఖానికి కవరు పెట్టవద్దు.

హాజరు తక్కువైనవారి జాబితా కాలేజీ గోడకెక్కిన వారం మా దగ్గరకు వేరే రకం తల్లిదండ్రులు వస్తారు. చాలా కాలేజీల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65 దాటితే అనారోగ్య కారణం మీద మినహాయింపు దొరికే చోట్లు ఉన్నాయి. "పదిహేను రోజులు టైఫాయిడ్ అని రాసి ఇప్పించండి" అంటారు. ఇవ్వము. నిజంగా జబ్బు చేసినవారికి ఆ రోజే ఓ.పి. చీటీ ఉంటుంది, దాని మీదే సర్టిఫికెట్ ఇస్తాం. పిల్లవాడు ముప్పై రోజులు క్లాసుకు ఎందుకు వెళ్ళలేదో అడగడం మానేసి సర్టిఫికెట్ కోసం తిరిగితే, ఆ అడగని ప్రశ్న తరువాతి సెమిస్టర్‌లో మళ్ళీ వస్తుంది.

ఏ చదువు, ఎవరి ఇష్టం

కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకే బ్రాంచీ వద్దనే తండ్రులున్నారు. ఎం.ఎస్.కు అమెరికా పంపాల్సిందేనని అప్పు తెచ్చేవారున్నారు. మన రంగంలో చూస్తే, విదేశాల్లో ఉద్యోగాలున్నాయని విని అమ్మాయిని నర్సింగులో చేరుస్తారు. నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. ఇష్టం లేని పిల్లను నర్సును చేయవద్దు. ఆ పిల్లకే కాదు, ఆమె చేతిలో పడిన రోగికీ నష్టమే. చేర్చే ముందు తెలిసిన నర్సు ఎవరినైనా కలిపించి, రాత్రి డ్యూటీ అంటే ఏమిటో, వార్డులో చేయాల్సిన పనులేమిటో అడిగి తెలుసుకోనివ్వండి. భయపడినా నేర్చుకోవాలని ఉన్న అమ్మాయిలు వేరు. మొదటి డ్రెస్సింగ్ చూసి కళ్ళు తిరిగి పడిపోయినవారు తరువాత మంచి థియేటర్ నర్సులైన సందర్భాలున్నాయి. భయానికీ అయిష్టానికీ తేడా తెలియాలంటే పిల్లలతో మాట్లాడాలి.

చివరి సెమిస్టర్ మధ్యలో పెళ్ళిచూపులు పెట్టే తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ రెండు నెలలు ఆగండి. సంబంధం మంచిదైతే వాళ్ళూ ఆగుతారు.

ఫలితాల రోజు

ఇప్పుడు ఫలితాలు ఫోనులో, ఒక్కోసారి రాత్రిపూట వస్తాయి. పిల్లలు హాస్టల్ గదిలో ఒంటరిగా చూసుకుంటారు. ఫలితాలు వస్తాయని తెలిసిన రోజు వీలైతే ఇంటికి రమ్మనండి. లేకపోతే మీరే ఫోను చేసి, మార్కులు అడిగే ముందే "ఏమొచ్చినా ఆదివారం ఇంటికి రా" అని చెప్పండి. బంధువులు ఫోను చేస్తే జవాబు మీరు చెప్పండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అన్నిటికీ పరీక్షలే కారణం కాదు. కానీ 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఆ ఫలితాల తయారీలో తప్పులు జరిగాయని తరువాత విచారణలో తేలింది. మెమోలో ఉన్నదే చివరి మాట కాదు. రీకౌంటింగ్, రీవాల్యుయేషన్, సప్లిమెంటరీ ఉన్నాయి. ఆ మాట ఫలితం రాకముందే ఇంట్లో వినిపించాలి.

రెండు వారాలకు పైగా దిగులుగా ఉండడం, నిద్ర, తిండి తగ్గిపోవడం, స్నేహితులను తప్పించుకోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది" అనడం, ఇవి తేలిగ్గా తీసుకోకూడదు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందన్నది అపోహ. అడిగినందువల్ల చెప్పుకునే దారి దొరుకుతుంది. పురుగుమందులు, ఇంట్లోని మాత్రలు తాళం వేసి పెట్టండి. అటువంటి క్షణం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపు చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. ఆ సమయంలో ఒంటరిగా వదలకండి. ఏదైనా మింగినట్టు అనుమానం వస్తే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకుండా, 108కి ఫోను చేసి, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. కేసవుతుందని ఇంట్లో దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నెంబరు 14416. పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. పిల్లలే కాదు, తల్లిదండ్రులూ చేయవచ్చు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం మీద 2025 జూలైలో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సిలర్ ఉండాలని చెప్పింది. మీ పిల్లల కాలేజీలో ఆ కౌన్సిలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో అడగండి.

మా ఓ.పి.కి తీసుకువచ్చినప్పుడు డాక్టరుగారు మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటే నొచ్చుకోకండి. 18 ఏళ్ళు నిండినవారు లోపల చెప్పినది వారి అనుమతి లేకుండా మేము మీకు చెప్పము, ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప. "నేను కన్నతల్లిని, నాకు చెప్పరా?" అని కోప్పడేవారున్నారు. చాలాసార్లు అరగంటలో ఆ పిల్లలే తలుపు తీసి "అమ్మా, నువ్వు కూడా లోపలికి రా" అంటారు.