చివరి మనిషి నడకే జట్టు నడక

నడక మంచిదని తెలియనివారు మనలో లేరు. షుగరు, బీపీ అని డాక్టరు దగ్గరికి వెళ్తే మందుల చీటీ చివర నడక కూడా రాసి ఇస్తారు. కొత్త బూట్లు కొంటాం. నాలుగు రోజులు తెల్లవారకముందే లేస్తాం. అయిదో రోజు ఏదో పని అడ్డం వస్తుంది. ఆ తర్వాత బూట్లు గుమ్మం పక్కనే ఉండిపోతాయి. ఒంటరిగా మొదలుపెట్టిన పని ఆగిపోతే ఎందుకు ఆగిందని అడిగేవారు ఉండరు.

యాభై దాటిన గృహిణులకు ఇంకో చిక్కు ఉంది. ‘ఒక్కదాన్నే ఎలా వెళ్లను?’ అన్న ప్రశ్నతోనే వారి నడక గడప దగ్గర ఆగిపోతుంది. ఉద్యోగ విరమణ చేసినవారికి తీరిక ఉంటుంది, తోడు ఉండదు. ఈ ఇద్దరికీ పనికొచ్చే మార్గం ఒకటుంది. నెలకోసారి పది, పదిహేను మంది కలిసి, ఊరికి దగ్గరలో ఉన్న కొండబాట మీద నెమ్మదిగా నడిచి రావడం. దీన్ని ట్రెక్కింగ్ అనగానే హిమాలయాలు, వీపున పెద్ద సంచులు, పాతికేళ్ల కుర్రవాళ్లు గుర్తొచ్చి చాలామంది వెనకడుగు వేస్తారు. మేము చెప్పేది అది కాదు. మెట్లెక్కి మేడమీదికి వెళ్లగలిగినవారు, ఆగి ఆగి చేయగలిగిన నడక ఇది.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నెలకోసారి కొండకు వెళ్లినంత మాత్రాన ఆ లెక్క తీరదు. అయితే వచ్చే నెల కొండ ఉందంటే ఈ నెలంతా వీధిలో నడవడానికి ఒక కారణం దొరుకుతుంది. మా బడి భాషలో చెప్పాలంటే కొండ పరీక్ష, రోజువారీ నడక ఇంటిపని.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పే సూత్రాలు రెండున్నాయి. తెలిసినదాని నుంచి తెలియనిదానికి, సులభమైనదాని నుంచి కఠినమైనదానికి వెళ్లమంటారు. నడక నేర్పడానికీ ఇవే చాలు. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న చోట్లనే ఉదాహరణగా తీసుకుందాం.

మొదటి నెల చదునైన చోటు. జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు లాంటివి ఇందుకు తగినవి. చెట్ల నీడ, నెమళ్లు, చదునైన బాట ఉంటాయి. ఎవరి నడక ఎలా ఉంది, ఎవరికి ఆయాసం వస్తోంది, ఎవరి బూట్లు కరుస్తున్నాయి అన్నవి ఇక్కడే బయటపడాలి.

రెండో నెల గోల్కొండ. కోట ఉన్న గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. పైన బాలాహిస్సార్ దాకా దాదాపు 360 మెట్లు. మెట్లు ఒకే ఎత్తులో ఉండవు కాబట్టి అడుగు చూసుకుని వేయడం అలవాటవుతుంది. దారి పొడవునా కూర్చోవడానికి, చూడడానికి ఏదో ఒకటి ఉండడం కొత్తవారికి పెద్ద సాయం. 1518 నుంచి 1687 వరకు సాగిన కుతుబ్‌షాహీల చరిత్ర చెప్పుకుంటూ ఎక్కితే అలసట అంతగా తెలియదు. ద్వారం దగ్గరి గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు కొండమీద వినిపిస్తాయని తెలిస్తే పిల్లలూ వెంట వస్తామంటారు. కోటకు సందర్శన వేళలు ఉంటాయి. ముందే కనుక్కుని వెళ్లాలి.

మూడో నెల మౌలాలి గుట్ట. దర్గా దాకా దాదాపు 500 మెట్లు. పైనుంచి చూస్తే ఊరంతా కనబడుతుంది. ఈ రాతిగుట్టల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పైపొర ఉల్లిపొరలా విడిపోతూ, ఎండావానలకు మూలలు అరిగి, బండమీద బండ పేర్చినట్టు నిలిచాయి. ఇళ్ల కోసం, క్వారీల కోసం వీటిని పగలగొట్టేస్తున్నారన్న ఆవేదనతో 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అనే సంస్థ పుట్టింది. వారు చేసే పనుల్లో జనాన్ని బండల మధ్యకు నడిపించి చూపించడం ఒకటి. కళ్లారా చూసి, కాళ్లతో తిరిగిన చోటు మీద మమకారం పుడుతుందన్నది వారి పద్ధతిలో ఉన్న కిటుకు.

ఆ తర్వాత కొంచెం దూరం. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో అడవిబాట ఉంది. మూసీ నది పుట్టేది అక్కడే. భువనగిరి కోట ఒకే పెద్ద బండమీద ఉంది. దానిమీద వాలు ఎక్కువ. నాలుగైదు నడకలు పూర్తయ్యాకే దాని జోలికి వెళ్లాలి, వాన పడ్డ రోజు అసలు వెళ్లకూడదు. రెండు ఊళ్లకూ రైలు సౌకర్యం ఉంది కాబట్టి ఖర్చు తక్కువ.

ఎంత సేపు పడుతుంది?

స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు. కొండల్లో తిరిగేవారు నేటికీ దాన్ని వాడుతున్నారు. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. అంటే 100 మీటర్లు ఎక్కడానికి అదనంగా 10 నిమిషాలు. మన నడక 4 కిలోమీటర్లు, 120 మీటర్ల ఎక్కుడు అనుకుందాం. దూరానికి 48 నిమిషాలు, ఎత్తుకు 12 నిమిషాలు, మొత్తం గంట. ఇది అలవాటున్నవారి లెక్క. కొత్తవారికి దీన్ని రెట్టింపు చేయాలి. రెండు గంటలని ముందే చెబితే ఎవరూ గడియారం చూసుకుని కంగారు పడరు.

నడక జోరు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగితే సరైన జోరు. మాట మధ్యలో తెగిపోతుంటే తగ్గించాలి.

రెండోసారి ఎందుకు రారు?

జట్టు నడకకు మొదటిసారి అందరూ వస్తారు. రెండోసారి వచ్చేవారిని లెక్కపెడితే ఆ జట్టు సంగతి తెలుస్తుంది. మానేసినవారిని అడిగితే పనుందనో, మోకాలు నొప్పనో చెబుతారు. చాలాసార్లు అసలు కారణం వేరు. మొదటిరోజు వారు వెనకబడ్డారు.

అది ఇలా జరుగుతుంది. జోరుగా నడిచేవారు ముందు వెళ్లి ఒక చెట్టు కింద కూర్చుంటారు. పది నిమిషాల తర్వాత చివరివారు రొప్పుతూ చేరుకుంటారు. వారిని చూడగానే ముందువారు ‘అందరూ వచ్చారు కదా, పదండి’ అని లేస్తారు. అలసిపోనివారికి పది నిమిషాల విశ్రాంతి, అలసినవారికి ఒక్క నిమిషం కూడా లేదు. మూడుచోట్ల ఇలాగే జరిగితే ఆ చివరి మనిషి ‘నావల్ల అందరికీ ఆలస్యం అవుతోంది’ అనుకుంటారు. పైకి ఏమీ అనరు. ఇక రారు. తరగతిలో ఇలాంటి పిల్లల్ని మేము ముప్పై ఏళ్లుగా చూస్తున్నాం. పాఠం అర్థం కాని పిల్లవాడు లేచి అడగడు, మెల్లగా బడి మానేస్తాడు. ఈ నడక ఎక్కువ అవసరమైనది కూడా ఆ చివరి మనిషికే. వారు మానేస్తే జట్టు పెట్టిన ఉద్దేశమే పోయినట్టు.

అందుకు కొన్ని కట్టుబాట్లు చాలు. ఒకటి, చివరివారు వచ్చి కూర్చున్నాకే విశ్రాంతి సమయం లెక్క మొదలు కావాలి. రెండు, ముందు దారి తెలిసినవారు ఒకరు, అందరికన్నా వెనక ఓపికున్నవారు ఒకరు ఉండాలి. వెనక ఉన్నవారిని దాటి ఎవరూ వెనక మిగలకూడదు. మూడు, బాట చీలే ప్రతిచోటా ఆగి తలలు లెక్కపెట్టాలి. నాలుగు, మొదలుపెట్టిన పది నిమిషాలకే ఒకసారి ఆగాలి. బూట్ల లేసులు బిగించుకోవడానికి, శాలువా తీసి సంచిలో పెట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడి ఆగరు, అందరూ ఆగితే ఆగుతారు. అయిదు, నెమ్మదిగా నడిచేవారిని ముందు వరుసలో నడిపిస్తే జట్టంతా దానంతట అదే నెమ్మదిస్తుంది. శిఖరం దాకా వెళ్లితీరాలన్న పట్టు వద్దు. సగం దూరంలో తిరిగివచ్చినా అది నడకే.

జాగ్రత్తలు

మన ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. మార్చి తర్వాత బండలు కాలుతాయి. ఆ నెలల్లో పార్కులతో సరిపెట్టుకోవాలి. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం వడదెబ్బకు తొలి సూచనలు. వెంటనే నీడకు చేర్చి, చల్లబరచి, నీళ్లు తాగించాలి. మాట తడబడితే ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తలా లీటరున్నర నీళ్లు, టోపీ, గరుకు అడుగున్న బూట్లు ఉండాలి. ఖరీదైనవి అక్కర్లేదు, పాతవైనా అడుగు అరిగిపోకుండా ఉంటే చాలు. చీర, సల్వారు, బురఖా ఏదైనా అంచు చీలమండకు పైన ఉండేలా చూసుకుంటే మెట్లమీద కాలికి చుట్టుకోదు. దిగేటప్పుడు మోకాళ్లమీద ఎక్కేటప్పటి కన్నా ఎక్కువ భారం పడుతుంది. చిన్న అడుగులు, చేతిలో కర్ర ఉంటే తేలిక. బండమీద రాలిన మొరం మీద జారిపడేవారే ఎక్కువ.

షుగరు మందులు వాడేవారు ఏమీ తినకుండా రాకూడదు. జేబులో గ్లూకోజు గానీ నాలుగు ఖర్జూరాలు గానీ ఉంచుకోవాలి. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరుని అడిగాకే రావాలి. బండల చాటున తేనెతుట్టెలు ఉంటాయి. పొగ పెట్టడం, రాళ్లు విసరడం, అరుపులు పనికిరావు. తీసుకెళ్లిన ప్లాస్టిక్కు తిరిగి ఇంటికి రావాలి.

దాతలకు ఒక మాట

దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. అయినా బస్సు ఛార్జీ, ఒక జత బూట్లు కొందరికి అడ్డమవుతాయి. ఇళ్లలో పనిచేసుకునే తల్లి, కుట్టుమిషను ముందు పగలంతా కూర్చునే అక్క ఆ మాట పైకి చెప్పరు. నాలుగైదు సైజుల్లో బూట్లు, ఒక ప్రథమ చికిత్స పెట్టె, నెలకోసారి ఒక మినీ బస్సు సమకూరిస్తే పేరు అడగకుండా, చేయి చాపించకుండా అందరినీ ఒకే వరుసలో నడిపించవచ్చు. డబ్బు ఇవ్వలేనివారు వెనక నడిచే ఓపికున్న మనిషిగా రావచ్చు. అది తక్కువ సాయం కాదు.

మొదటి మెట్టు ఎంత చిన్నదైనా దానికి విలువ ఉంది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ భువనగిరి బండమీద ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న, 14 ఏళ్లు నిండకముందే ఎవరెస్టు శిఖరం చేరింది. అలాంటి బిడ్డను కూడా మొదట ఎవరో బండ దగ్గరికి తీసుకెళ్లవలసి వచ్చింది. మన అమ్మలకు, అక్కలకు ఎవరెస్టు అక్కర్లేదు. గోల్కొండ మెట్లు చాలు. వచ్చే నవంబరులో మీ వీధి నుంచి ఒక్కరినైనా వెంట తీసుకురండి. వారి అడుగుకు అడుగు కలిపి నడవండి.