వాయిస్ మెసేజ్, ఫ్యాక్స్, ఈమెయిల్.. మీ బిజినెస్ మెసేజ్‌లన్నీ ఒక్కచోటికి తెచ్చుకోవడం ఎలా?

సిరిసిల్లలో నాకు తెలిసిన ఒక ఆసామికి 10 వేల మీటర్ల లంగాల బట్టకు ఆర్డర్ వచ్చింది. పర్చేజ్ ఆర్డర్ ఈమెయిల్‌లో ఉంది. నాలుగు రోజులకు అదే పార్టీ "6 వేలు చాలు" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. అది వచ్చింది ఆయన కొడుకు వాట్సాప్‌కు. కొడుకు విన్నాడు, పనిలో పడి చెప్పడం మర్చిపోయాడు. సాంచాలు 10 వేల లెక్కనే నడిచినయి. మిగతా 4 వేల మీటర్లు గోదాంలో పడ్డయి.

"తమ్మీ, మంచి ఫోన్ ఏదో చెప్పు, కొంట" అని అడిగాడాయన. "ఫోన్ మంచిదే ఉందన్నా, మెసేజ్‌లు వచ్చే దారులే ఎక్కువైనయి" అన్నాను. ఆ దారులను ఎలా కలపాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

యూనిఫైడ్ మెసేజింగ్ అంటే ఏంటి?

వాయిస్ మెయిల్, ఫ్యాక్స్, ఈమెయిల్ మూడూ ఒకే ఇన్‌బాక్స్‌లో కనిపించడమే యూనిఫైడ్ మెసేజింగ్. మీరు ఎత్తని కాల్ సర్వర్‌కు వెళ్తుంది, అవతలి వాళ్ల మాట ఆడియో ఫైల్‌గా మారి మెయిల్‌కు వస్తుంది. ఫ్యాక్స్ కూడా పీడీఎఫ్‌గా మారి అక్కడికే వస్తుంది. పెద్ద ఆఫీసులకు ఇది పాత సంగతే. మన దగ్గర వాయిస్ మెయిల్ అలవాటు కాలేదు. మిస్డ్ కాల్, ఆ తర్వాత వాట్సాప్ వాయిస్ మెసేజ్ దాని స్థానం తీసుకున్నాయి. కాబట్టి మనం కలపాల్సింది కూడా వాటినే.

ముందు నంబర్ ఒకటి చేయండి

వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో వచ్చింది, ఉచితమే. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, దీన్ని ల్యాండ్‌లైన్ నంబర్‌తో కూడా వాడొచ్చు. వెరిఫికేషన్‌లో ఎస్ఎంఎస్ బదులు కాల్ ఆప్షన్ ఎంచుకుంటే కోడ్ ఫోన్‌లో చదివి వినిపిస్తుంది. షాపు బోర్డు మీదున్న పాత నంబరే వాట్సాప్ నంబర్ అవుతుంది. మెయిన్ ఫోన్ కాక మరో 4 డివైజ్‌లు లింక్ చేయొచ్చు. తండ్రి, కొడుకు, గుమాస్తా ముగ్గురూ ఒకే చాట్ చూస్తారు. సిరిసిల్ల ఆసామికి ఇదొక్కటి ఉన్నా ఆ నష్టం తప్పేది.

జగిత్యాల మామిడి వ్యాపారులకు సీజన్‌లో ఇది బాగా పనికొస్తుంది. చల్‌గల్ మార్కెట్‌లో పొద్దున లోడింగ్ నడుస్తుంటే ఫోన్ ఎత్తే తీరిక ఉండదు. అవే మెసేజ్‌లో "రేటు, టన్నులు, లారీ ఎప్పుడు కావాలో టైప్ చేసి పెట్టండి" అని రాసుకుంటే, ఢిల్లీ పార్టీ అడిగింది రాతలో ఉంటుంది. "కొత్త ఆర్డర్", "డబ్బులు రావాలి" అని లేబుల్స్ పెట్టుకుంటే వెతుకులాట ఉండదు.

ఎత్తని కాల్స్ ఎటు పోవాలి?

ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్‌కు వెళ్లి, "ఎత్తనప్పుడు" అనే ఆప్షన్‌లో షాపులో ఉండే రెండో నంబర్ ఇవ్వండి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఎవరో ఫోన్ చేసి ఫలానా కోడ్ డయల్ చేయమంటే చేయకండి. మీ కాల్స్ వాళ్లకు మళ్లితే, కాల్‌లో వచ్చే ఓటీపీ కూడా వాళ్లకే పోతుంది. ఈ మోసాల వల్లే *401# లాంటి కోడ్‌లతో ఫార్వర్డింగ్ చేసే సదుపాయాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపేయాలని టెలికాం శాఖ ఆదేశించింది.

ఫ్యాక్స్ అడిగితే?

ఫ్యాక్స్ మెషీన్ కాగితాన్ని శబ్దాలుగా మార్చి ఫోన్ లైన్‌లో పంపుతుంది. ఇంటర్నెట్ మీద నడిచే ఫైబర్ ల్యాండ్‌లైన్‌లో ఆ శబ్దాలు చెడిపోయి సగం పేజీలో ఆగిపోవచ్చు. దీనికోసమే టీ.38 అనే స్టాండర్డ్ ఉంది, కానీ రెండు వైపులా సపోర్ట్ ఉండాలి. అందుకే ముందు "మెయిల్‌లో పీడీఎఫ్ పంపితే నడుస్తదా?" అని అడగండి. గూగుల్ డ్రైవ్ యాప్‌లోని స్కాన్ ఆప్షన్ చాలు. తప్పనిసరిగా ఫ్యాక్సే కావాలంటే ఈమెయిల్ నుంచి ఫ్యాక్స్ పంపే ఆన్‌లైన్ సర్వీసులు ఉన్నాయి, మెషీన్ కొనకండి.

ఈమెయిల్‌ను రికార్డు గదిగా వాడండి

పాత మెయిల్ ఐడీలన్నింటిలో ఆటో ఫార్వర్డ్ పెట్టి ఒకే జీమెయిల్‌కు తెచ్చుకోండి. ముఖ్యమైన వాయిస్ మెసేజ్‌ను నొక్కి పట్టి, షేర్ ఆప్షన్‌తో అదే జీమెయిల్‌కు పంపండి. సబ్జెక్ట్‌లో పార్టీ పేరు, మీటర్లు, తేదీ రాయండి. మాటను వెతకలేం, సబ్జెక్ట్‌ను వెతకగలం. అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ కాబట్టి ఆడియోలకు ఇబ్బంది రాదు.

కోరుట్లలో గల్ఫ్ టికెట్లు చేసే షాపులకు ఇంకో మాట. దుబాయ్ మనకన్నా గంటన్నర, సౌదీ రెండున్నర గంటలు వెనక. అక్కడ డ్యూటీ దిగి వాళ్లు మెసేజ్ పెట్టేసరికి ఇక్కడ షట్టర్ వేసి ఉంటుంది. అవే మెసేజ్ తప్పనిసరి. పాస్‌పోర్ట్ కాపీలు మాత్రం లింక్ చేసిన ప్రతి డివైజ్‌లోనూ కనిపిస్తాయి. పని మానేసిన వాళ్ల డివైజ్‌ను అదే రోజు లాగౌట్ చేయండి.

చివరగా, ఏ యాప్ చేయలేని పని ఒకటుంది. వాయిస్‌లో ఆర్డర్ మారితే, "10 వేలు కాదు, 6 వేలు, సరేనా?" అని టైప్ చేసి జవాబు తీసుకోండి. అది వచ్చాకే భీములు ఎక్కించండి. సిరిసిల్ల అన్న ఇప్పుడు అదే చేస్తున్నాడు. ఫోన్ మాత్రం పాతదే.