వరుసనుండి వ్యూహము: తేటగీతి, ఆటవెలదుల నిదర్శనము

గణనయంత్రములకు ఆదేశము లిచ్చు భాషలలో కొన్నిటికి వ్యూహమే ప్రధాన ద్రవ్యము. కెన్నెత్ ఐవర్సన్ 1962లో ప్రకటించిన గ్రంథమునుండి రూపొందిన ఏ.పి.ఎల్. ఇట్టి వానిలో ప్రసిద్ధము. ఒక వరుసలోని అంశములను పెక్కు పరిమాణముల వ్యూహముగా నమర్చు విధమును తెలుగు ఛందస్సు నాధారముగా గొని వివరించుట మా ఉద్దేశము.

ఏ.పి.ఎల్.లో గ్రీకు అక్షరమగు ‘రో’ ఇందుకు సాధనము. దానికి ఎడమవైపున ఆకారమును, కుడివైపున అంశముల వరుసను నుంచవలయును. ఆకారము 2 3 అయి, అంశములు ఆఱైనచో, రెండు అడ్డువరుసలును మూడు నిలువువరుసలును గల పట్టిక యేర్పడును. అంశములు చాలనిచో వరుస మరల మొదటినుండి గ్రహింపబడును. మించినచో మిగిలినవి విడువబడును. అన్నిటికంటె చివరి పరిమాణము త్వరగా మాఱుచుండును.

సూర్యగణములు రెండు: న, హ. ఇంద్రగణములు ఆఱు: నల, నగ, సల, భ, ర, త. తేటగీతి పాదమున ఒక సూర్యగణము, రెండు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు వరుసగా నుండును. ఒక్కొక్క గణస్థానమును ఒక పరిమాణముగా నెంచినచో ఆకారము 2 6 6 2 2, అంశములు 288. ఆటవెలది బేసిపాదమున మూడు సూర్యగణములపై రెండు ఇంద్రగణములు. ఆకారము 2 2 2 6 6. అంశములు మరల 288. ఒకే స్థానమునకు దగిన గణములలో ఏదియు మఱొకదానికి మొదలు కాదు గనుక, ఈ 288 గురులఘు క్రమములును పరస్పర భిన్నములే.

సంఖ్య యొక్కటే, భేదమెల్ల ఆకారమున నున్నది. విశాఖపట్టణములోని ‘కంచరపాలెము’ పేరును గైకొందము. అది రెండు భగణములు. గణారంభమున మొదలై గణాంతమున ముగిసినచో దానికి రెండు ఇంద్రస్థానములును వలయును. భగణము నాల్గవది గావున తేటగీతిలో రెండవ, మూడవ పరిమాణములందు 4, 4 నెన్నుకొనవలయును. అవి వరుసలో 85 మొదలు 88 వఱకును, 229 మొదలు 232 వఱకును నున్న ఎనిమిది అంశములు. ఆటవెలదిలోను ఎనిమిదియే, కాని 22వ దానితో మొదలై ముప్పదియాఱేసి యెడమున నుండును.

రెండింటను యతి నాల్గవ గణము మొదటి అక్షరముననే. తేటగీతిలో నది సూర్యగణము, ఆటవెలది బేసిపాదమున ఇంద్రగణము. వట్టి వరుసలో ఈ విశేషము గోచరింపదు. నాల్గవ పరిమాణమును జూచినంతనే తెలియును. కావున ఛందఃపరిశోధకులు గణసంఖ్యలతో తృప్తినొందక, వాని యాకారమును గూడ భద్రపఱచుట యావశ్యకము.